మంచం పక్కన ఒక మాట



హిందీలో ‘కల్’ అంటే నిన్న, రేపు కూడా. అనువాదకునికి క్రియను చూస్తే సందేహం తీరుతుంది. ఆసుపత్రి మంచం వద్ద ఆ వెసులుబాటు ఉండదని సికింద్రాబాదులో తెలుసుకొన్నాను.

బీహారు నుండి వచ్చిన కార్మికుడొకడు కాలు విరిగి ఒక ఆసుపత్రిలో చేరాడు. అంతకుముందే కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతున్నాడు. అది వారానికి ఒక్కమారే పుచ్చుకోవలసిన మందు. పొరపాటున ప్రతిదినం మింగితే నోరు పూస్తుంది, ఎముకల మజ్జలో రక్తకణాల ఉత్పత్తి దెబ్బతింటుంది, ప్రాణాపాయమూ కలుగవచ్చు. నర్సు వచ్చీరాని హిందీలో ‘ఎప్పుడు?’ అన్నది. అతడు ‘కల్’ అన్నాడు. నిన్న వేసుకొన్నానని అతని భావం. రేపు వేయాలని ఆమె రాసుకొన్నది. పక్కమంచం రోగిని చూడబోయిన నేను, ఏ రోజని అడిగితే ‘సోమ్‌వార్’ అన్నాడు. ఆనాడు మంగళవారం. మందు ఆగింది.

ఆమెను నిందించడానికి నాకు నోరు రాదు. మన ‘వారం’ మాత్రం తక్కువదా? ఏడు దినాలకూ అదే మాట, ఒక్క దినానికీ అదే.

మందుల జనరిక్ పేర్లను స్పష్టంగా, వీలైనంతవరకు పెద్ద అక్షరాలలో రాయాలని భారత వైద్య మండలి 2016లో నియమం చేసింది. మంచిదే. అయితే అది డాక్టరుకూ మందుల షాపుకూ నడుమ పని. రోగి దాకా రావాలంటే, వారపు మందు చీటీపై ఆ రోజు పేరును అతడు చదివే లిపిలో రాయండి. చదువు రానివానిచేత, వెళ్ళేముందు, ఒకమారు తిరిగి చెప్పించండి.