కొయ్యను తినెడు కుక్కగొడుగులు: గుర్తించు విధము

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



తొలకరి కురిసిన పిదప అడవిలో పడిన దుంగలపైనను, ఊరి చెట్ల మొదళ్ళయందును కొయ్యను తినెడు శిలీంధ్రములు పొడసూపును. వానినన్నింటిని కుక్కగొడుగులని మనము ఊరకొందుము. కాని ఏది ఎండుకట్టెను తినునో, ఏది నిలిచియున్న చెట్టును గుల్లచేయునో ఎరుగుట గ్రామమునకు అవసరము.

ఇందు గల చిక్కు రూపభేదము. గానోడెర్మా అను దానిని చూడుడు. చింత, కానుగ, సరుగుడు, కొబ్బరి మొదళ్ళయందు లక్క పూసినట్లు ఎఱ్ఱగా మెరయుచుండును. ఒకచోట దానికి కాడ యుండును. వేరొకచోట కాడ లేక, గోడకు దిగిన అలమర పలకవలె మ్రానునంటి యుండును. వెలుతురు, గాలి చాలనిచోట గొడుగు విచ్చుకొనక దుప్పికొమ్మువలె చీలును. ముదిరినపుడు దాని బీజరేణువులే పైన గోధుమ పొడివలె పడి మెరుపు మరుగుపడును. ఇంగ్లాండులో 1781లో కర్టిస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు పెట్టిన లూసిడమ్ అను పేరునే ఆసియాలోని పెక్కింటికి చిరకాలము వాడిరి. జన్యుపరీక్షలవలన అవి వేరు జాతులని తేలి, చైనాలోని దానికి 2012లో లింగ్జీ అను పేరు ఏర్పడినది. శాస్త్రజ్ఞులకే ఇంత కాలము పట్టినచోట మనము రంగు చూచి నిర్ణయించుట తగదు.

మరి దేనిని చూడవలెను? అడుగు భాగమును చూడవలెను. దుంగలపై విసనకర్రవలె మొలచు చిన్న షైజోఫిల్లమ్ ఎండకు ముడుచుకొని, వానకు మరల విచ్చుకొనును. రూపము మారినను అడుగున నిలువుగా చీలిన రేకులు మారవు. గానోడెర్మాకు అడుగున రేకులుండవు, సన్నని రంధ్రములుండును. గొడుగును తెల్లకాగితముపై బోర్లించి, గిన్నె మూసి, రాత్రి యంతయు ఉంచినచో రాలిన పొడి రంగు తెలియును. ఏ చెట్టు, బ్రతికినదా చచ్చినదా, మొదటనా కొమ్మపైనా అను వివరములు కూడ వ్రాసికొనవలెను.

బ్రతికిన చెట్టు మొదట గొడుగు కనబడునప్పటికే శిలీంధ్రము లోపల చాల ప్రాకియుండును. గొడుగును పెరికినంతనే చెట్టు బాగుపడదు. అట్టి చెట్టు బడి ఆవరణలోనో, సంతలోనో ఉన్నచో గాలివానకు కూలి ప్రాణహాని కలుగవచ్చును. వెంటనే అటవీశాఖవారికి తెలిపి, వారు పరీక్షించువరకు పిల్లలను దాని క్రింద చేరనీయరాదు. అడవిలోని చచ్చిన దుంగలపై ఉన్నవానిని మాత్రము కదలింపవలదు. అవి కట్టెను కుళ్ళించి నేలకు సారమిచ్చును.

జాతి తెలియని దానిని కూరకుగాని, మందుకుగాని వాడవలదని ఇంటింట చెప్పుడు. ఈ వానకాలమున సభ్యులందరును తమ వార్డులోని పెద్దచెట్ల మొదళ్ళను ఒకసారి పరీక్షింపవలెనని మనవి చేయుచున్నాము.