బరువైన యంత్రభాగములను పదిలముగా పంపు విధము

(బీచుపల్లిలో గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



కృష్ణానది ఒడ్డున, ఆంజనేయస్వామి సన్నిధిలో నేడు మనము సమావేశమైనాము. మన కన్నులయెదుటనే 44వ నంబరు జాతీయ రహదారి నదిని దాటుచున్నది. ఉత్తరమున హైదరాబాదునకు, దక్షిణమున కర్నూలునకు, ఆపైన బెంగుళూరునకు పోవు లారీలు, బస్సులు రాత్రింబవళ్ళు ఈ వంతెన మీదుగనే సాగుచున్నవి. సమీపమున ఎర్రవల్లి చౌరస్తాలో గద్వాల దారి వచ్చి కలియుచున్నది. ఇట్టి చోట నివసించు వారికి సరకు పంపుట, తెప్పించుట కొత్త కాదు. అయినను బరువైన ఇనుప యంత్రభాగమును ఏ విధముగ కట్టి పంపవలెనో తెలిసి చేయువారు అరుదు. కావున నేటి ప్రసంగమునకు ఆ విషయమునే ఎన్నుకొన్నాము.

ఇది మెకానిక్కులు చూచుకొనవలసిన సంగతి గదా, పంచాయతీ సభ్యులకు ఏల యని మీరడుగవచ్చును. 2019 సెప్టెంబరులో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము నాటినుండి మన రాష్ట్రమున గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూరినవి. ఇంటింటి చెత్త తీసికొనిపోవుట, దారిప్రక్క మొక్కలకు నీరు పోయుట ఆ ట్రాక్టరుతోనే జరుగుచున్నవి. ఏండ్లు గడచినకొలది యంత్రమునకు అరుగుదల తప్పదు. సిలిండరు హెడ్డునకు లేతు పని చేయించవలసి వచ్చును; డీజిలు పంపును సరిచేయించవలసి వచ్చును. గ్రామములో జరుగని పనికి ఆ భాగమును విప్పి కర్నూలునకో హైదరాబాదునకో పంపవలసియుండును. అది దారిలో పగిలినచో రిపేరు ఖర్చుకు బదులు కొత్త భాగమును కొనవలసి వచ్చును. అంతవరకు ట్రాక్టరు పంచాయతీ కార్యాలయము ముందు నిలిచియుండును. చెత్త వీధిలో నిలిచియుండును. ఖర్చగునది ఊరివారి సొమ్ము. కావున ఇది తప్పక సభ్యుల సంగతియే.

పగులుటకు కారణము

పోత ఇనుము మిక్కిలి గట్టిదని మనము తలచుచున్నాము. గట్టిది నిజమే, కాని అది వంగదు, పగులును. సిలిండరు హెడ్డు, బ్రేకు డ్రమ్ము, గేరు పెట్టె సాధారణముగా పోత ఇనుముతోనే తయారగుచున్నవి. వానికి బోల్టులు బిగించు చెవులు బయటికి పొడుచుకొని యుండును. మొట్టమొదట దెబ్బతినునవి ఆ చెవులే. ఇక నున్నగా చదును చేసిన ముఖములున్నవి. వానిపై గీత పడినచో బిగించిన పిమ్మట అచట నూనెయో నీరో కారును.

ఒక లెక్క చెప్పెదము. 20 కిలోల ఇనుప భాగము 1 మీటరు ఎత్తునుండి జారిపడినదనుకొందము. అది గచ్చుపై పడి 1 సెంటీమీటరు మేర అణగి నిలిచినచో, నిలుచునప్పుడు దానికి తగులు సగటు దెబ్బ దాని బరువునకు సుమారు 100 రెట్లు, అనగా 2,000 కిలోల బరువుతో సమానము. అదే భాగము రబ్బరుపై పడి 5 సెంటీమీటర్లు అణగి నిలిచినచో దెబ్బ సుమారు 20 రెట్లు మాత్రమే యగును. పడిన ఎత్తు ఒకటే, బరువు ఒకటే; నిలుచుటకు చిక్కిన చోటు మాత్రమే వేరు. పెట్టె కట్టుటలోని శాస్త్రమంతయు ఇందే యున్నది.

దీనికి తోడు మరియొక సంగతి కలదు. ఊరినుండి కర్నూలు చేరులోపల పార్సెలును ఎన్నిమార్లు ఎత్తి దించెదరో లెక్కించుడు. ఆటోలోనికి ఒకమారు, ఆటోనుండి బుకింగు గదికి ఒకమారు, అచటినుండి బండిలోనికి ఒకమారు, చేరవలసిన ఊరిలో క్రిందికి ఒకమారు, పిమ్మట లేతు దుకాణమునకు చేర్చుటకు ఎక్కించుట, దించుట. ఇవి ఆరు. తిరుగు ప్రయాణమున మరల ఆరు. ఈ పండ్రెండు మార్లలో ఒక్కమారు చేయి జారినను చాలును. జారదని నమ్ముకొని పెట్టె కట్టరాదు. జారునని ఎంచియే కట్టవలెను.

పెట్టెలో కదలిక ఉండరాదు

పెట్టెలో వదులుగా నున్న ఇనుము సుత్తివంటిది. బండి కుదుపునకు అటునిటు కదలి తన పెట్టెను తానే పగులగొట్టును. ప్రక్కవారి పార్సెలును కూడ చెరచును. ఈ నదిపై పుట్టి నడుపువారికి ఈ సంగతి మనము చెప్పనక్కరలేదు. పుట్టిలో బరువు నడుమ నుండవలెను, జరుగరాదు. జరిగినచో పుట్టి ఒరుగును. పెట్టెకును అదే న్యాయము.

చాలమంది వరిగడ్డి, వేరుశనగ పొట్టు, నలిపిన కాగితములు కూరి పంపుచున్నారు. గాజులకు, మామిడిపండ్లకు అవి చాలును, ఇనుమునకు చాలవు. కుదుపునకు పొట్టు ప్రక్కలకు తొలగిపోవును. బరువైన భాగము మెల్లమెల్లగా దిగి పెట్టె అడుగును చేరును. గడ్డిలో తేమ యున్నచో తుప్పు కూడ పట్టును. గోనెసంచిలో మూటగట్టి పంపుట దెబ్బలకు ఎదురేగుటయే. ఒంటి పొర అట్టపెట్టెకు అడుగు నిలువదు. ఇనుమునకు కావలసినవి గట్టి చెక్క దిమ్మలు, వానికిని ఇనుమునకును నడుమ మందపు రబ్బరు. పాత ట్రాక్టరు ట్యూబు మనకు సులభముగ దొరకును. దానిని ముక్కలుగా కోసి రెండు మూడు మడతలుగా పెట్టినచో మేలైన మెత్త యగును.

కట్టు విధము

మొదట భాగములోని నూనె, డీజిలు, నీరు పూర్తిగా కార్చి, తుడిచి, ఆరబెట్టవలెను. నూనె కారు పార్సెలును రవాణావారు తీసికొనరు. తీసికొన్నను ఇతరుల సరకు పాడగును. బాటరీని, డీజిలు డబ్బాను ఈ పెట్టెలో నెన్నడును ఉంచరాదు. బాటరీలోని ఆమ్లము మనిషిని కాల్చును. డీజిలు బండినే కాల్చును.

పిమ్మట రంధ్రములను మూయవలెను. డీజిలు పంపు విషయమున ఇది ముఖ్యము. లోనికి పోయిన ఇసుక రేణువు దానిని అరుగదీయును. ప్లాస్టిక్కు మూతలు కాని, చెక్క బిరడాలు కాని వాడవలెను. గుడ్డపీలికను రంధ్రములో కుక్కరాదు. తీయుట మరచినచో అది ఇంజనులోనికి పోవును. నున్నని ముఖములకు గ్రీజు పూసి, ప్లాస్టిక్కు కాగితము చుట్టి, పైన పలుచని చెక్కపలకను కట్టవలెను.

పొడుచుకొని వచ్చు స్టడ్లు, మీటలు విప్పదగినవైనచో విప్పి, లెక్కబెట్టి, వేరు సంచిలో వేసి, ఆ సంచిని పెట్టెలోపలనే కట్టవలెను. విప్పుటకు ముందు సెల్‌ఫోనుతో నాలుగు ప్రక్కల ఫోటోలు తీయుడు. ఏ బోల్టు ఎచటిదో మెకానిక్కునకు తెలియును. పంపునాటికి భాగము పగులలేదనుటకు మీకు సాక్ష్యముగను ఉండును.

పెట్టెను గ్రామ వడ్రంగిచే చేయించవచ్చును. అడుగున మందపు పలక, దాని క్రింద రెండు అడ్డు దిమ్మలు ఉండవలెను. ఆ దిమ్మల నడుమ చేతులు దూరును, తాడు దూరును, తోపుడు బండి నాలుక దూరును. చేయి పెట్టుటకు చోటులేని పెట్టెను ఎవరును మెల్లగా దించలేరు. భాగమును అడుగు పలకకు బోల్టులతో గాని, బలమైన పట్టీలతో గాని బిగించవలెను. బరువు దాని మందమైన వంటిపై నిలువవలెను గాని చెవులపై నిలువరాదు. క్రాంకు షాఫ్టువంటి పొడవైన వస్తువును రెండు మూడు చోట్ల గాడి కోసిన దిమ్మలపై నిలుపవలెను. తరువాత నాలుగు ప్రక్కల దిమ్మలు, రబ్బరు బిగించి, మూతకు మేకులకు బదులు మరలు వాడవలెను. మూతను విప్పి మరల బిగించుటకు అవి అనువు.

అంతయు అయిన పిమ్మట ఇద్దరు పట్టి పెట్టెను కొంచెము ఒరగించి చూడుడు. లోపల గుడగుడమని చప్పుడైనచో పని పూర్తికాలేదని అర్థము. మరల విప్పవలెను.

ఎత్తువారి క్షేమము

ఇనుము పగిలినచో కొనవచ్చును. హమాలీ నడుము పోయినచో కొనలేము. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారము వయోజనుడైన పురుషుడొక్కడు మోయు బరువు 55 కిలోలకు మించియున్నచో దానిని ఆ స్థాయికి తగ్గించు ఏర్పాట్లు చేయవలెను. మన సిమెంటు బస్తా 50 కిలోలు. అంతకు మించిన పెట్టెను ఒక్కనిచే ఎత్తింపరాదు. వీలైనచోట ఒక పెద్ద పెట్టెకు బదులు రెండు చిన్న పెట్టెలు కట్టుట మేలు.

పెట్టె రెండు ప్రక్కల బరువును పెద్ద అక్షరములతో వ్రాయుడు. "జాగ్రత్త" యను మాట ప్రతి పెట్టెపైనను ఉండును గనుక దానిని ఎవరును చదువరు. "బరువు 60 కిలోలు, ఇద్దరు ఎత్తవలెను" అని యున్నచో హమాలీ చదువును, మరియొకని పిలుచును. పైభాగమేదో తెలియుటకు బాణపు గుర్తు వేయవలెను. పంపువారి, పొందువారి చిరునామాలు, ఫోను నంబర్లు పైన రెండుచోట్ల, లోపల ఒకచోట ఉండవలెను. పాత చిరునామా కాగితములున్న చింపివేయవలెను.

కాగితము కూడ పెట్టెవంటిదే

ఇంత చేసినను నష్టము జరుగవచ్చును. అప్పుడు మనలను కాపాడునది కాగితము. మన ఆర్టీసీ 2020 జూను నుండి స్వయముగా పార్సెలు, కార్గో సేవ నడుపుచున్నది. ప్రయివేటు లారీ రవాణావారును కలరు. ఎవరివద్దనైనను తూకము మన యెదుట వేయించి, వస్తువు పేరు, నిజమైన విలువ వ్రాయించి, రసీదు తీసికొనవలెను. "ఇనుప సామాను" అని మాత్రమే వ్రాయించినచో నష్టము కోరునాడు అది తుక్కు ఇనుమో, పనికివచ్చు యంత్రభాగమో ఎవరు తేల్చగలరు?

లారీ రవాణావారి విషయమున 2007 నాటి రోడ్డు రవాణా చట్టమున్నది. అది 1865 నాటి పాత చట్టమునకు బదులుగా వచ్చి, 2011 మార్చి 1 నుండి అమలగుచున్నది. దాని నిబంధనల ప్రకారము, అధిక రేటు చెల్లింతుమని మనము ముందుగా వ్రాసి యొప్పుకొననిచో, రవాణాదారుని బాధ్యత కిరాయికి పది రెట్లకు మించదు. ఉదాహరణకు కిరాయి 300 రూపాయలైనచో నష్టపరిహారము 3,000 రూపాయలు దాటదు. భాగము ఖరీదు అంతకు ఎన్నోరెట్లు ఉండవచ్చును. కావున విలువైన వస్తువునకు అధిక రేటు గాని, బీమా గాని అడిగి తీసికొనుట లాభము. నష్టము జరిగినచో బుక్ చేసిన తేదీనుండి 180 దినములలో రవాణాదారునకు వ్రాతపూర్వకముగ నోటీసు ఇయ్యవలెను. లేనిచో దావా నిలువదు. ఆర్టీసీ, రైల్వే, తపాలా వారి నియమములు వేరు. రసీదు వెనుక నున్నవానిని చదివి, తెలియనిది అక్కడనే అడుగవలెను.

2014 జూను 2 నుండి కర్నూలు మనకు పొరుగు రాష్ట్రము. అచటికి పంపునపుడు "మరమ్మతు కొరకు పంపబడుచున్నది, అమ్మకమునకు కాదు" అను పంచాయతీ ఉత్తరమును జతపరచుడు. విలువ 50,000 రూపాయలు మించినచో ఈ-వే బిల్లు సంగతి బుకింగునకు ముందే విచారింపుడు.

పార్సెలు తిరిగి వచ్చినప్పుడు సంతకము చేయుటకు ముందు నాలుగు ప్రక్కల చూడవలెను. పెట్టె చితికియున్నచో ఆ మాటను రవాణావారి కాగితముపై వ్రాసి, ఫోటో తీసి, పిమ్మట సంతకము చేయవలెను. తొందరలో చేసిన సంతకము సరకు బాగుగ అందినదని మనమే ఇచ్చిన సాక్ష్యమగును.

పంచాయతీ చేయదగిన పని

ఇందులో గొప్ప ఖర్చుతో కూడినది ఏదియు లేదు. ప్రతి పంచాయతీయు ఒక గట్టి చెక్కపెట్టెను, నాలుగు పట్టీలను, కొన్ని రబ్బరు ముక్కలను సిద్ధము చేసి ఉంచుకొనవచ్చును. దానిని స్టాకు రిజిస్టరులో వ్రాసికొనవలెను. చిన్న పంచాయతీలు రెండు మూడు కలిసి ఒక పెట్టె చేయించుకొన్నను చాలును. రైతుల ట్రాక్టరు, మోటారు భాగములకును అది అక్కరకు వచ్చును.

ఒక మాట మరువకుడు. పోవునపుడు మనము ఎంత జాగ్రత్తగ కట్టినను, వచ్చునపుడు దుకాణమువారు గోనెలో చుట్టి పంపినచో మన శ్రమయంతయు వ్యర్థము. రిపేరైన భాగము పగిలినచో నష్టము మరింత ఎక్కువ. దానిపై కూలి కూడ చెల్లించియుందుము. కావున "ఈ పెట్టెలోనే, ఈ విధముగనే కట్టి పంపుడు" అను చీటీని మూత లోపల అంటించి, ఫోనులో కూడ చెప్పవలెను.

ఒక పూట శ్రద్ధతో పెట్టె కట్టినచో ట్రాక్టరు అనుకొన్న దినమున మరల వీధిలోనికి వచ్చును. ఈ సంగతిని రాబోవు పంచాయతీ సమావేశమున చర్చించి, పెట్టె చేయించు పనిని ఒక సభ్యునకు అప్పగింతురని ఆశించుచున్నాము.