తెలుగు టాకీలు – మన స్త్రీల పేరు
(మహాసభయందు చేసిన ప్రసంగపాఠము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. నాకు సినిమానటీమణుల విషయము నియమింపబడినది. భోజనమునకు ముందు కొంత వినోదముండునని కార్యవర్గమువారు తలచిరేమో! నేను మాత్రము వినోదమునకై లేచి నిలువలేదు.

ఈ పట్టణమునుండియే ఆరంభింతును. 1933లో విశాఖపట్టణపు ఓడరేవు తెఱవబడినది. పిమ్మట ఐదేండ్లకు, 1938లో, ఇచ్చటి ఆంధ్రా సినీటోన్ వారు “భక్త జయదేవ” చిత్రమును వెలువరించిరి. అందు నటించిన సురభి కమలాబాయిగారు అప్పటికి క్రొత్తవారు కారు. తెలుగు టాకీలకు ప్రథమ నాయిక వారే.

1885లో కడప మండలమందలి సురభి గ్రామమున మొదలైన నాటకకుటుంబమువారిది. ఇతర సమాజములలో పురుషులే మీసములు గొరిగించుకొని ద్రౌపదులై నిలుచుచుండిన కాలమున, సురభివారి యాడువారు స్త్రీపాత్రలను తామే ధరించిరి. 1932 ఫిబ్రవరి 6వ తేదీన విడుదలయైన “భక్త ప్రహ్లాద”లో లీలావతి కమలాబాయిగారే. ఆ యేడే “శకుంతల”లో శకుంతలయు వారే. బొంబాయిలో సాగర్ మూవీటోన్ వారి చిత్రములందును నటించిరి. 1951లో “పాతాళభైరవి” వచ్చినప్పుడు వారు తోటరాముని తల్లి! నలువదియేండ్లు దాటిన శకుంతలకు తల్లివేషము తప్ప మఱొకటి దొరకదు. దుష్యంతులకు మాత్రము ఈ నియమము లేదు. అయినను ఆమె ఆ వేషమును చిన్నదిగా చూడలేదు. నాటకరంగమున నేర్చిన విద్య ఆమెను కాపాడినది.

కాంచనమాలగారికట్టి రక్షణ లేకపోయెను. 1938లో “మాలపిల్ల”తో ఆంధ్రదేశమంతయు ఆమె రూపమును మెచ్చినది. 1942లో “బాలనాగమ్మ” నాటికి ఒప్పందపు కాగితముపై వివాదము పుట్టెను. పిమ్మట వృత్తియు, మనస్స్వాస్థ్యమును చెడెను. 1981 వరకు జీవించిరి. మన బాలికలకు సంగీతము నేర్పింతుము, నాట్యము నేర్పింతుము. సంతకము చేయబోవు కాగితమును చదువుట నేర్పుచున్నామా?

కాగితము తమ చేతనే యుంచుకొన్నవారును గలరు. భానుమతిగారు 1939లో “వరవిక్రయము”తో ప్రవేశించి, భర్త రామకృష్ణారావుగారితో గూడి భరణీ సంస్థను నెలకొల్పి, 1953లో “చండీరాణి”ని మూడు భాషలలో తామే దర్శకత్వము వహించి తీసిరి. కృష్ణవేణిగారు బాలనటిగా వచ్చి, 1949లో “మనదేశం” నిర్మించిరి. నందమూరి తారకరామారావుగారు మొదట కనబడినది అందే. ఆమె 2025లో దివంగతులైరి. వీరి పేర్లు చిత్రపుటారంభమున నిర్మాతల స్థానమున పడినవి గనుక, ఎవ్వరును చెఱపజాలకపోయిరి.

ఇక మన యింటి మాట. మన ప్రత్యేకసంచికలన్నియు త్రిప్పి చూచితిని. ప్రముఖుల పట్టికలో న్యాయవాదులు, వైద్యులు, గుత్తేదారులు, తహసీల్దారులు గలరు. రంగమెక్కిన స్త్రీ యొక్కతెయు లేదు. లేక కాదు.

మా మేనత్త 1940 ప్రాంతమున నాటకములలో పాడుచుండెడిది. తరువాత మదరాసు చేరి, చిన్న చిన్న వేషములు వేసి, క్రొత్త పేరు పెట్టుకొన్నది. మా యింట ఆమె పాత పేరును ఎత్తుట నిషిద్ధము, క్రొత్త పేరు పలుకుట అంతకన్న నిషిద్ధము. పెండ్లిపత్రిక యొక్కటియు ఆమెకు వెళ్లలేదు. అయితే నెలనెలకు మనియార్డరు వచ్చుచుండెను. దానితోనే మా తండ్రిగారు ఇచ్చట కళాశాలలో చదివిరి. ఆ సొమ్మును ఎవ్వరును త్రిప్పి పంపలేదు. తండ్రిగారు పోయిన పిదప వారి పెట్టెలో ఆ రసీదులన్నియు దారముతో కట్టి యుండుట చూచితిని. కట్ట మీద ఏమియు వ్రాసి యుండలేదు.

వచ్చు సంచికలో ఆ పట్టికకు చేర్పదగిన స్త్రీల వివరములు మీ మీ యిండ్లనుండి పంపుడు. పెద్దలు సమ్మతింపకున్న, పాత ఛాయాపటమైనను చాలును. మా మేనత్త రెండు పేర్లను వ్రాసి ఈ ప్రాతఃకాలముననే కార్యదర్శిగారి చేతికిచ్చితిని.