ఒకే బొమ్మ, రెండు భాషలు
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



ప్రసార సాధనాల చరిత్రను గురించి ప్రసంగించవలసినదిగా జూబిలీ సంఘంవారు నన్ను కోరారు. ముద్రణ, తంతి, రేడియో అని వరుసగా చెప్పుకొంటూ పోతే పొద్దు చాలదు. అందుచేత మన రాయచూరు ప్రాంతానికి చెందిన ఒక్క ఘట్టాన్నే చెబుతాను.

1975 ఆగస్టు 1న మన దేశంలో 'సైట్' అనే ఉపగ్రహ టెలివిజన్ బోధన ప్రయోగం ఆరంభమైంది. ఏటీఎస్-6 అనే ఉపగ్రహం అమెరికావారిది. నేలమీది ఏర్పాట్లు, కార్యక్రమాలు మనవి. దీనికై కలగన్న విక్రమ్ సారాభాయి ఆరంభాన్ని చూడకుండానే 1971లో కన్నుమూశారు. ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పెట్టెలు చేరాయి. ఇటు రాయచూరు, గుల్బర్గా, అటు ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలు వాటిలో ఉన్నాయి. కోళ్ల గూళ్లకు వాడే తీగవలతో చేసిన పెద్ద గొడుగు వంటి యాంటెనా ఆకాశం వైపు నోరు తెరుచుకొని ఉండేది. ఉదయం బడిపిల్లలకు పాఠాలు, సాయంకాలం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం.

నాకు మిక్కిలి నచ్చినది దాని అమరిక. ఆ ఉపగ్రహం ఒక చిత్రాన్ని, దానితోపాటు రెండు ధ్వనులను పంపేది. కనుక ఒకే బొమ్మకు ఆంధ్ర గ్రామంలో తెలుగు, కర్ణాటక గ్రామంలో కన్నడం వినిపించే వీలు కలిగింది. మన వీధి అంగడిలో నిత్యం జరిగే పనే అది. శాస్త్రజ్ఞులు ఆకాశంలో చేసి చూపారు.

ముందుగా ఒప్పుకొన్న గడువు ప్రకారం 1976 జూలై 31న ప్రసారాలు నిలిచాయి. మరుసటి సంవత్సరం గుల్బర్గా, హైదరాబాదులలో ప్రసార కేంద్రాలు వచ్చాయి. వాటికి అందని పల్లెలలో పెట్టెలు మూగపోయాయి.

ఈ చరిత్ర నాకు 2020లో మరల గుర్తుకు వచ్చింది. బడులు మూసిన ఆ నెలలలో పాఠాలను ఫోనుకు పంపేవాళ్లం. నీలి టిక్కులు కనబడితే పాఠం చేరిందని నమ్మాను. బడి తెరిచాక ఏడవ తరగతి బాలిక ఒకతె నోటుపుస్తకం చూపింది. అంతా పక్కింటి పిల్ల పుస్తకం చూసి ఎక్కించుకొన్నదే. "ఫోను నాన్నతో పనికి పోయేది టీచర్, రాత్రికి ఛార్జి ఉండేది కాదు" అన్నది. ఆ టిక్కులు తండ్రివి! సిగ్గుపడ్డాను.

1975 నాటి పెట్టె ఊరికి ఒక్కటే. ఎవరి సొంతమూ కాదు గనుక అందరూ దాని ముందు కూర్చున్నారు. ఇంటింటా ఫోను ఉన్నదని మనం ఆ సంగతి మరిచాము.

దాతలు ఇచ్చిన కంప్యూటర్లు మన గ్రంథాలయం గదిలో ఉన్నాయి. పాడవుతాయన్న భయంతో మూడు గంటలకే తాళం వేయించినది నేనే. రేపటి నుండి ఆ గది సాయంకాలం ఆరింటి వరకు తెరిచి ఉంటుంది. సోమ, గురువారాలు నేను కూర్చుంటాను. తక్కిన నాలుగు సాయంత్రాలకు పెద్దలెవరైనా కావాలి. సభానంతరం ద్వారం వద్ద బల్లమీద పుస్తకం ఉంచాము. దయచేసి పేర్లు వ్రాయండి.