పాత బ్యాటరీ - పాడి పశువు

(బంట్వారం ప్రాంత పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాడి సభలో కరెంటు సామాన్ల చెత్త గురించి మాట్లాడడమేమిటని కొందరికి అనిపించవచ్చును. ఒకప్పుడు మన పాల కేంద్రంలో వున్న సామాను ఎంత? కొలత పాత్రలు, లాక్టోమీటరు, గెర్బరు పరీక్ష గొట్టాలు, చేతితో తిప్పే సెంట్రిఫ్యూజి. నేడు చాలా కేంద్రాలకు ఎలక్ట్రానిక్ కాటా, పాల అనలైజరు, కంప్యూటరు, ప్రింటరు, ఇన్వర్టరు బ్యాటరీ వచ్చినవి. ఇండ్లలో సెల్‌ఫోన్లు, టీవీలు, చేలలో బోరు స్టార్టరు పెట్టెలు సరేసరి. ఇవన్నీ ఏదో ఒకనాడు పాడవుతవి. పాడయినవి కొట్టం మూలకో, పెంటకుప్ప మీదికో పోతున్నవి. పెంటకుప్ప ఎండాకాలంలో చేనుకే పోతుంది గదా!

అన్నింటికంటె ముందు బ్యాటరీ సంగతి మనవి చేస్తాము. ట్రాక్టరుదైనా, ఇన్వర్టరుదైనా దాని బరువులో సగానికి పైగా సీసమే. పగిలిన బ్యాటరీని పశువు నాకుతుంది. సీసపు లవణాలకు కొంత తీపి రుచి వున్నది. పైగా దూడలకు కనబడినదల్లా నాకి చూసే అలవాటు. సీసం ఒంటికి పట్టిన పశువు మేత మానుతుంది, పండ్లు కొరుకుతుంది, కండరాలు అదురుతవి, చూపు పోయి గోడకు తల ఆనించి నిలబడుతుంది. దీనిని పిచ్చికుక్క కాటుగా పొరబడే ప్రమాదము కూడా వున్నది. అందుచేత పశువైద్యుని పిలిచినప్పుడు, కొట్టం దగ్గర పాత బ్యాటరీ వుంటే ఆ మాట తప్పక చెప్పండి. త్వరగా తెలిస్తే చికిత్సకు వీలున్నది.

పశువు బ్రతికినా పని తీరలేదు. ఎముకల్లో చేరిన సీసం నెలల తరబడి పాలలోకి దిగుతూ వుంటుంది. కాచినా పోదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ అయిన కోడెక్స్ కిలో పాలలో 0.02 మిల్లీగ్రాములకు మించి సీసం వుండరాదని నిర్ణయించింది. మన అనలైజరు వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూపుతుంది, సీసం చూపదు. ఒక బర్రె పాలు క్యానులో కలిసిన తరువాత అవి అందరి పాలే. ఆ పాలు ముందుగా తాగేది మన పిల్లలే.

రెండవది మంట. రాగి కోసం వైర్లు కాల్చేవారు మన ఊళ్లలో వున్నారు. ప్లాస్టిక్ తొడుగు కాలినప్పుడు డయాక్సిన్ అనే విషాలు పుడతవి. పొగతో వచ్చి గడ్డి మీద పడి, పశువు కొవ్వులో, పాల వెన్నలో చేరతవి. 2008లో ఇటలీ దేశపు కంపానియా ప్రాంతంలో బర్రె పాలలో డయాక్సిన్ కనబడినది. చెత్త తగులబెట్టడమే కారణమని అనుమానించారు. కొన్ని దేశాలు అక్కడి జున్ను దిగుమతిని ఆపినవి. బంట్వారానికీ ఇటలీకీ ఏమి సంబంధమంటారేమో, వాళ్లవీ బర్రెలే!

మరి ఏమి చేయవలెను? బ్యాటరీని పగలగొట్టవద్దు, ఆమ్లం పారబోయవద్దు. కొత్తది కొన్నప్పుడు పాతదానిని డీలరుకే ఇచ్చి ధర తగ్గించుకోండి. 2022 నాటి బ్యాటరీ నిబంధనల ప్రకారం పాతవాటిని తిరిగి సేకరించి రీసైక్లింగుకు పంపే బాధ్యత తయారీదారులదే. ఎలక్ట్రానిక్ సామానుకు వేరే నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినవి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిలో నమోదైన రీసైక్లరుకే అది చేరవలెను. హైదరాబాదు చర్లపల్లిలోని సి-మెట్ పరిశోధన సంస్థ సర్క్యూట్ బోర్డులనుంచి లోహాలు తీసే పద్ధతిని రూపొందించింది. అంటే మనం పారవేసే పెట్టెలో విలువ వున్నది. అయినా ప్రపంచమంతటా 2022లో పోగైన సుమారు 6.2 కోట్ల టన్నుల ఇటువంటి చెత్తలో, సక్రమంగా రీసైకిల్ అయినట్లు లెక్కకు వచ్చినది నాలుగవ వంతు కూడా లేదు.

ఒక్కొక్క ఇంటినుంచి రెండు ఫోన్ల కోసం ఏ కంపెనీ బండీ రాదు. అందుకే ప్రతి సంఘం పాల కేంద్రంలో, పశువులకు, పిల్లలకు అందని చోట మూతవున్న డ్రమ్ము ఒకటి పెట్టవలెనని మా సూచన. బ్యాటరీలు అందులో వేయక విడిగా, నిలువుగా వుంచవలెను. ఐదారు సంఘాలు కలిస్తే బండి పిలిపించవచ్చును. కంప్యూటరు ఇచ్చే ముందు సభ్యుల బ్యాంకు ఖాతాల వివరాలున్న హార్డ్ డిస్కును తీసి కార్యదర్శి వద్ద వుంచండి. అమ్మినదానికి రసీదు తీసుకొని, తీర్మానం వ్రాసి, డబ్బు సంఘం పద్దులో జమ కట్టండి.