మదనపల్లె తాత్వికుడు - ముగ్గురు తల్లులు

(వెంకటగిరికోటలో మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచీ కోర్టు వాయిదాలు, మనోవర్తి కేసుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు తత్వశాస్త్రం అంటే కొందరికి నిద్ర రావచ్చు. అయినా ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానో చెబుతాను. మనం సంఘాల్లో స్త్రీలకు రోజూ ఒక మాట చెబుతుంటాం. "నీ బతుకు నీది, ఎవరో చెప్పినట్టు బతకనక్కరలేదు" అంటాం. ఆ మాట నమ్మి ఒకామె గడప దాటుతుంది. తర్వాత పిల్లల సంగతేమిటి? జిడ్డు కృష్ణమూర్తి ఆలోచన మారుతూ వచ్చిన క్రమం చదువుతుంటే నాకు ఈ ప్రశ్నే మళ్ళీ మళ్ళీ ఎదురైంది.

ఆయన మనకు పరాయివాడు కాదు. ఇక్కడినుంచి పలమనేరు, పుంగనూరు మీదుగా బస్సెక్కితే దిగేది ఆయన పుట్టిన మదనపల్లెలోనే. 1895లో పుట్టారు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి సంజీవమ్మ 1905లో చనిపోయింది. అప్పటికి పిల్లవాడికి పదేళ్ళు. 1909లో తండ్రి కుటుంబంతో సహా మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరాడు. అక్కడ సముద్రపు ఒడ్డున లెడ్‌బీటర్ ఈ పిల్లవాడిని చూసి, రాబోయే జగద్గురువు ఇతనేనన్నాడు. 1911లో అతని కోసం ఒక సంస్థే పెట్టారు.

ఇది మొదటి దశ. ఇందులో కృష్ణమూర్తికి సొంత ఆలోచన అంటూ లేదు. పెద్దలు చెప్పింది నమ్మాడు, నమ్మింది చెప్పాడు.

తండ్రి 1910లో ఇద్దరు కొడుకుల సంరక్షణను అనీబిసెంట్‌కు రాసిచ్చాడు. తర్వాత మనసు మార్చుకుని 1912లో దావా వేశాడు. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రి వైపు తీర్పు చెప్పింది. 1914లో లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాన్ని కొట్టేసింది. పిల్లల తరఫు మాట సరిగా వినలేదన్నది ఆ తీర్పులో ఒక అంశం. సంజీవమ్మ బతికి ఉన్నా ఆమెను అడిగి ఉండేవారు కాదు. అప్పటి చట్టంలో తండ్రి ఉండగా తల్లికి ఆ హక్కు లేదు.

ఇక అనీబిసెంట్ సంగతి చూడండి. ఇంగ్లండులో ఆమె నాస్తికురాలిగా ఉన్నప్పుడు, గర్భనిరోధం గురించిన చిన్న పుస్తకం అచ్చువేసిందని 1877లో విచారణ జరిగింది. ఆ మరుసటి ఏడాది కోర్టు ఆమె కూతురు మేబెల్‌ను తీసి భర్తకిచ్చింది. ఇలాంటి భావాలున్న స్త్రీ పిల్లను పెంచడానికి తగదన్నారు. తన భావాల కోసం బిడ్డను పోగొట్టుకున్న మనిషే, ముప్పై ఆరేళ్ళకు ఇంకొకరి పిల్లల కోసం ప్రీవీ కౌన్సిల్‌దాకా వెళ్ళింది. దీన్ని తప్పుపట్టాలో అర్థం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

రెండో దశకు కారణం ఒక చావు. 1925లో తమ్ముడు నిత్యానంద కాలిఫోర్నియాలో క్షయతో చనిపోయాడు. అతన్ని కాపాడతామని మహాత్ములు మాట ఇచ్చారని కృష్ణమూర్తి నమ్మి ఉన్నాడు. ఆ వార్త ఓడలో ఉండగా తెలిసింది. ఆ నమ్మకం అక్కడే పగిలింది. నాలుగేళ్ళు గడిచాక, 1929 ఆగస్టు 3న, హాలండులోని ఓమెన్ శిబిరంలో సుమారు మూడువేలమంది ముందు తన సంస్థను తానే రద్దు చేశాడు. సత్యానికి ఏర్పరచిన దారి ఉండదన్నాడు, తనకు శిష్యులు వద్దన్నాడు. వచ్చిన ఆస్తులను తిరిగి ఇచ్చేశాడు. చేతికొచ్చిన గద్దెను ఇలా వదులుకున్నవాళ్ళు అరుదు. (సంస్థ వద్దన్న ఆయన కూడా తర్వాత బడులకూ పుస్తకాలకూ ట్రస్టులు పెట్టక తప్పలేదు. సంఘం నడిపే మనకు ఆ అవస్థ తెలుసు.)

మూడో దశ దగ్గర కాసేపు ఆగుతాను. 1947లో ఇండియాకు తిరిగొచ్చాక ఆయన అధికారాన్ని ప్రశ్నించడం మఠాలతో, మతంతో ఆపలేదు, ఇంట్లోకి తెచ్చారు. ఈ దేశంలో భార్య భర్తకు బానిసగా ఉందని బొంబాయి సభల్లో సూటిగా అన్నారు. వినేవాళ్ళలో నందినీ మెహతా ఉంది. పేరున్న ధనిక కుటుంబపు కోడలు, ముగ్గురు పిల్లల తల్లి. ఆమె భర్తను వదిలి బయటికొచ్చి, క్రూరత్వం కారణంగా విడిగా ఉండే హక్కు, పిల్లలు కావాలని బొంబాయి హైకోర్టుకెళ్ళింది. ఇదంతా కృష్ణమూర్తి బోధల ప్రభావమని భర్త వాదించాడు. ఆయన ప్రసంగాల్లోని భాగాలను కోర్టులో చదివి వినిపించారు. ఆమె ఓడిపోయింది, పిల్లలు పోయారు. 1950 జనవరిలో అమెరికాలోని టైమ్ పత్రిక దీన్ని వింత వార్తగా రాసింది.

మాట చెప్పినవారు ఒకరు, మూల్యం చెల్లించినవారు ఇంకొకరు. కృష్ణమూర్తి ఆమెను వదిలేశారని నేననను. ఏళ్ళ తరబడి ఆమెకు ఉత్తరాలు రాశారు. అక్క పుపుల్ జయకర్ ఆయన జీవితచరిత్రలో వాటిని అచ్చువేసింది. 1954లో నందిని బొంబాయిలో పేదపిల్లల కోసం బాల్ ఆనంద్ అనే బడి పెట్టింది. అయితే ఆమె పోగొట్టుకున్నది చట్టం దగ్గర. ఆ చట్టాన్ని మార్చడం గురించి ఆయన మాట్లాడలేదు. బయటి సంస్కరణలతో మనిషి మారడన్నది ఆయన అభిప్రాయం.

1960ల తర్వాత ఆయన భాషే మారింది. ఆలోచన, కాలం, చూసేవాడూ చూడబడేదీ వేరు కాదన్న మాటలు ముందుకొచ్చాయి. భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్‌తో ఏళ్ళ తరబడి సంభాషణలు జరిగాయి. లోతైన మాటలే, కాదనను. కానీ భార్య, భర్త, అత్తిల్లు ఆ మాటల్లో వెనక్కిపోయి "మనిషి" మిగిలాడని నాకనిపిస్తుంది. మనిషి అన్నచోటల్లా స్త్రీ కూడా ఉందనుకోవడం మనకు అచ్చిరాలేదు. 1980లో తన బోధ సారాంశం రాయమంటే, 1929లో చెప్పిన మాటతోనే మొదలుపెట్టారు. అంటే ఎన్ని దశలు దాటినా అధికారాన్ని ఒప్పుకోకపోవడం ఆయనలో మారలేదు. 1986 ఫిబ్రవరి 17న ఓహాయ్‌లో చనిపోయారు.

చట్టం మాత్రం వేరేవాళ్ళ పట్టుదలతో మెల్లిగా కదిలింది. 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం కూడా సహజ సంరక్షకుడు తండ్రి, "తర్వాత" తల్లి అంది. అయిదేళ్ళలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరుండాలంది. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ఆ "తర్వాత" అన్న మాటకు తండ్రి చనిపోయాక అనే కాదు, తండ్రి పట్టించుకోనప్పుడు, లేనప్పుడు అని కూడా అర్థం చెప్పింది. ఆ ఒక్క మాట మీద బ్యాంకుతో, ప్రభుత్వంతో పోరాడింది ఒక రచయిత్రి.

మధ్యాహ్నం వకీలమ్మ వస్తుంది. పిల్లల కస్టడీ అర్జీ ఎలా రాయాలో చూపిస్తుంది. మీ ఊళ్ళలో ఇల్లు వదిలొచ్చిన వాళ్ళ కాగితాలు, పిల్లల జనన ధృవపత్రాలు, బడి సర్టిఫికెట్లు తెచ్చినవాళ్ళు ముందు వరసలో కూర్చోండి. ఈలోగా ఎవరైనా నాతో వాదించదలిస్తే ఇప్పుడే లేవండి.