బడిలోకి వచ్చిన యంత్రము – కలిసి నేర్చుకొనే గురువులు
(మన సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణమునకు, పులిహోర వడ్డనకు నడుమ మాకీ సమయము కేటాయించినారు. ఆ రెంటి నడుమ నిలుచున్నవాడు నాలుగు మాటలతో ముగించడమే మర్యాద. మేము రైల్వే గుమాస్తాలము. మెట్రిక్కుతో చదువు చాలించి కొలువులో చేరినవారము. ఉపాధ్యాయులకు పాఠము చెప్పే యోగ్యత మాకు లేదు. అయినా బిడ్డలను బడికి పంపే తల్లిదండ్రులముగా ఒక్క సంగతి మనవి చేసుకొంటాము. బడికి యంత్రము కొనిపెట్టితే చాలదు. దానితో పాఠము చెప్పడము ఉపాధ్యాయులు ఒకరి ప్రక్కన ఒకరు కూర్చుండి నేర్చుకొంటేనే ఆ యంత్రము పిల్లవానికి పనికివస్తుంది. అట్లా కూర్చుండడానికి చోటు మన సంఘమే ఇవ్వవలెను.

మా రైల్వేలో అబ్సల్యూట్ బ్లాకు పద్ధతి ఉన్న లైనులో ఒక నియమమున్నది. ముందు స్టేషను వారు లైన్ క్లియర్ ఇచ్చేదాకా వెనుక స్టేషను నుంచి బండి కదలదు. ఇంజను ఎంత బలమైనదైనా కదలదు. బడులకు కంప్యూటర్లు, ప్రొజెక్టర్లు, పలకల వంటి టాబ్లెట్లు పంపేటప్పుడు ఈ నియమము తరచు మరచిపోతారు. సామాను బయలుదేరుతుంది. అవతల నల్లబల్ల దగ్గర నిలుచున్న మాష్టారు సిద్ధముగా ఉన్నారా అని అడిగేవారుండరు. పిమ్మట అట్టపెట్టె బీరువాలో ఉండిపోతే, తప్పు మాష్టారిదే అంటారు.

ఈ సంగతి ముందే గ్రహించి పనిచేసినవారు మన దేశములో లేకపోలేదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు 'సైట్' అనే టెలివిజను ప్రయోగము జరిగినది. అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా మన ఇస్రో వారు ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు పంపినారు. వాటిలో తెలుగు కార్యక్రమములూ ఉన్నవి. మన షోలాపూరుకు పొరుగున ఉన్న గుల్బర్గా, బిజాపూరు జిల్లాల పల్లెలు కూడ ఆ ప్రయోగములో చేరినవి. నిర్వాహకులు పిల్లలకు బొమ్మలు చూపి సరిపెట్టుకొనలేదు. సుమారు 50,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు, 12 రోజుల చొప్పున రెండు విడతలుగా, సైన్సు బోధనలో శిక్షణ ఇప్పించినారు. టెలివిజను, రేడియో, అచ్చుపుస్తకము, చేతితో చేసే ప్రయోగములు అన్నీ అందులో కలిసి ఉన్నవి. ఏడాది తిరిగినది, ఒప్పందము ప్రకారము ఉపగ్రహము వెళ్లిపోయినది. కాని చేతితో చేసి నేర్చుకొన్న ప్రయోగము ఉపగ్రహము వెంట వెళ్లిపోదు కదా! యంత్రము పోయినా మిగిలేది మనుష్యులు నేర్చుకొన్నదే.

రెండవ ఉదాహరణము మధ్యప్రదేశ్‌లోని నాటి హోషంగాబాదు జిల్లా. ఇటార్సీ జంక్షను ఆ జిల్లాలోనిదే గనుక మన రైల్వే కుటుంబములకు ఎరుకే. 1972లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు అక్కడ 16 మాధ్యమిక పాఠశాలలలో సైన్సును చేతులతో చేయించి నేర్పే పద్ధతి మొదలుపెట్టినవి. 1978 నాటికి అది జిల్లా అంతటికి వ్యాపించినది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దానిని ముందుకు నడిపినది. 2002లో ప్రభుత్వము నిలిపివేసేదాకా, అంటే ముప్పది యేండ్లు, అది సాగినది. అక్కడ ఖరీదైన యంత్రములు లేవు. చవకైన సామానుతో కూర్చిన పెట్టె ఒకటి. మరి అంతకాలము నిలబెట్టినదేమి? మా దృష్టిలో ముఖ్యమైనది ఒకటున్నది. ఉపాధ్యాయులు నెలకొకసారి కలుసుకొనేవారు. ఫలానా ప్రయోగము మా తరగతిలో కుదరలేదు, ఫలానా ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయినాము అని ఒకరికొకరు చెప్పుకొని, దారి వెదకుకొనేవారు. సెలవుల్లో శిక్షణ ఇచ్చి వదిలివేస్తే బడి తెరిచిన వారము రోజులకు పాత పాటే పాడతాము. నెలనెలా కలుసుకొంటే నేర్చినది నిలుస్తుంది.

కంప్యూటరు విషయములోనూ ఇంతే. జియోజీబ్రా అని లెక్కలకు, రేఖాగణితమునకు ఒక సాధనమున్నది. 2001లో ఆస్ట్రియాలో మార్కుస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన దానిని ఆరంభించినారు. బడులకు ఉచితముగా దొరుకుతుంది. తెర మీద త్రిభుజము గీసి ఒక మూలను పట్టి లాగితే కోణములు మూడూ మారిపోతవి; మొత్తము మాత్రము 180 డిగ్రీలే. పిల్లలు ముచ్చటపడతారు. ముచ్చటతోనే ఆగితే అది తోలుబొమ్మలాట అవుతుంది. లాగక ముందే 'ఏమవుతుందో చెప్పండి' అని అడగవలెనా, లాగిన పిమ్మట అడగవలెనా? అంతకంటె ముందు కాగితపు త్రిభుజము మూలలు చింపించి ప్రక్కప్రక్కన పెట్టించవలెనా? 'తెర మీద కనబడుతున్నదిగా, ఇక నిరూపణ ఎందుకు సార్?' అని తెలివైన పిల్ల అడిగితే ఏమి చెప్పవలెను? ఈ జవాబులు యంత్రముతో వచ్చిన కాగితములలో ఉండవు. నిన్న తన తరగతిలో చేసి చూచిన మరొక లెక్కల మాష్టారి దగ్గర ఉంటవి. కర్ణాటకలో 2011లో మొదలైన కార్యక్రమములో ప్రభుత్వోన్నత పాఠశాలల ఉపాధ్యాయులను లెక్కల వారొక జట్టు, సైన్సు వారొక జట్టు, సాంఘిక శాస్త్రము వారొక జట్టుగా కూర్చి ఇట్టి సాధనములు నేర్పినారు. ఆ ఉపాధ్యాయులే తమ కన్నడములో పాఠ్యసామగ్రి తయారు చేసుకొన్నారు.

ఇక మన జిల్లా సంగతి. పరితేవాడి జిల్లా పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పనిచేసిన రణజిత్‌సింహ్ డిసలే గారికి 2020 డిసెంబరులో గ్లోబల్ టీచర్ ప్రైజు వచ్చినది. 10 లక్షల డాలర్ల ఆ బహుమతిలో సగము తనతోపాటు చివరిదాకా నిలిచిన తక్కిన తొమ్మండుగురు ఉపాధ్యాయులకు పంచియిచ్చినారు. ఆయన చేసినదేమి? ఆ ఊరి ఆడపిల్లల ఇంటిభాష కన్నడము. పాఠ్యపుస్తకము ఆ భాషలో లేదు. ఆయన కన్నడము నేర్చుకొన్నారు, పాఠములు ఆ భాషలోకి మార్చినారు, పుస్తకములో చదరపు గుర్తులు, అనగా క్యూ.ఆర్. కోడులు, అంటించినారు. ఫోను చూపితే పాట, కథ, పాఠము వినబడతవి. గమనించండి: గుర్తు అచ్చువేయడము సులువు. గుర్తు వెనుక పిల్లవాని భాషలో పాఠము ఉండడము కష్టము. దానికి మనిషి కావలెను.

మనకు నొప్పి ఉన్నది ఇక్కడే. నేతపని వెంట, రైలుపని వెంట మన పెద్దలు ఈ నేలకు వచ్చినారు. మరాఠీ మనకు అన్నము పెట్టిన భాష. దానిని ప్రేమించి నేర్చుకొన్నాము. మన పిల్లలలో పెక్కుమంది మరాఠీలోనో ఇంగ్లీషులోనో చదువుతున్నారు. ఇంట 'అమ్మా, ఆకలి' అంటారు. గోడమీది తెలుగక్షరము చదవమంటే మన ముఖము చూస్తారు. 2017 సెప్టెంబరులో ఆరంభమైన 'దీక్షా' వేదికలో తెలుగు పాఠములు ఉన్నవి. కాని అవి ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల పాఠ్యపుస్తకముల వెంట నడిచేవి. మన పిల్లవాడు చదివే పుస్తకము వేరు, వాని వీథి వేరు, వాని తెలుగు వేరు. వానికి తగిన పాఠము హైదరాబాదులోనో విజయవాడలోనో తయారుకాదు. ఇక్కడి పంతుళ్లు, పంతులమ్మలు చేయవలెను. ఒకరే చేయాలంటే వారి జీవితము చాలదు. పదిమంది తలకొక పాఠము చేస్తే పది పాఠములు.

అందుకూ కలిసి నేర్చుకొనడమే మార్గము. చిన్న ఉదాహరణము: ఒక పంతులమ్మ అను అక్షరములతో టైపు చేసిన పాఠము మరొకరి కంప్యూటరులో పిచ్చిగీతలుగా కనబడుతుంది. యూనికోడు పద్ధతిలో తెలుగునకు 1991 నుండి స్థానమున్నది. దానితో టైపు చేస్తే ఏ ఫోనులోనైనా తెలుగు తెలుగుగానే ఉంటుంది. అందరూ దానినే వాడుదామని ఒక్క పూట కూర్చుండి అనుకొంటే చాలు, ఒకరి శ్రమ అందరి సొత్తు అవుతుంది.

ఉపాధ్యాయుల ఇబ్బంది మాకు తెలియక కాదు. ఎన్నికలు వస్తే వారే, జనాభా లెక్కలు వస్తే వారే, నివేదికలూ వారే. ఇన్నిటిపైన మరొక శిక్షణ అంటే ఎవరికి ఇష్టము? మరొక బెరుకు కూడ ఉన్నది. ఫోను సంగతి పిల్లలకే ఎక్కువ తెలుసు. ముప్పది యేండ్లు బెత్తము పట్టిన చేయి వారి ముందు తడబడితే చిన్నతనముగా ఉంటుంది. 2020లో బడులు మూతపడి పాఠము ఫోనులోకి వచ్చినప్పుడు దేశమంతటా ఎందరో పెద్ద మాష్టార్లు ఈ అవస్థ పడ్డారు. సాటివారి నడుమ ఆ చిన్నతనముండదు. 'నాకు రాదు' అనే మాట ధైర్యముగా అనగల చోటే నేర్చుకొనే చోటు.

కనుక సంఘమునకు మా మనవి ఇది. నెలకొక ఆదివారము మధ్యాహ్నము ఈ హాలు మన ఉపాధ్యాయులకు విడిచిపెట్టండి. ఆదివారపు తెలుగు తరగతులు చెప్పే అమ్మలు, అక్కలు కూడ రావచ్చును. ఇంటర్‌నెట్టు ఖర్చు, టీ ఖర్చు సంఘము భరించవలెను. అధికారులు, ఉపన్యాసములు, హాజరుపట్టీ వద్దు. మూడు నియమములు చాలును. ఒకటి: ప్రతివారు ఒక పాఠమునో ఒక చిక్కునో వెంట తేవలెను, ఉత్తచేతులతో రాకూడదు. రెండు: తెలిసినవారు నోటితో చెప్పవలెను, మీట నొక్కేది నేర్చుకొనేవారి వ్రేలే కావలెను. మూడు: అక్కడ తయారైన తెలుగు పాఠము అడిగిన ప్రతి ఇంటికి ఉచితముగా ఇవ్వవలెను.

కొత్త ప్రొజెక్టరు కొని పూలదండ వేసి ఫోటో తీయించుకొనడము సులువు. అది కొనవద్దని మేమనము. అది వచ్చేనాటికి దాని ముందు నిలువగల పదిమందిని సిద్ధము చేసుకొందామంటున్నాము. లైన్ క్లియర్ ముందు, బండి తరువాత.

వేపపువ్వు చేదు ముందు తగిలితేనే బెల్లము తీపి తెలుస్తుంది. కొత్తపని చేదు నాలుగు నెలలుంటుంది, ఓర్చుకొందాము. వచ్చే ఉగాదికి ఈ వేదిక మీద మన ఉపాధ్యాయులు చేసిన తెలుగు పాఠమొకటి మన పిల్లలే చూపించవలెనని కోరుకొంటున్నాము.